సెకండ్ హ్యాండ్ కారులో నంబర్ ప్లేట్ తిప్పే స్విచ్ ఉంది, పీకేస్తే సరిపోతుందా?

ప్రశ్న: సార్, మాది పుత్తూరు. రెండు నెలల ముందు బ్రోకర్ దగ్గర ఇన్నోవా కొన్నా, ఆర్‌సీ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంది. మొన్న వైరింగ్ చూపిస్తే స్టీరింగ్ కింద చిన్న స్విచ్ బయటపడింది, నొక్కితే వెనక ప్లేట్ తిరిగి ఇంకో నంబర్ వస్తా ఉంది. సీటు కింద రేకు కొట్టి దొంగ అర కూడా చేసినారు. పీకి పారేస్తే సరిపోతుందా?

జవాబు: తమ్ముడూ, దాన్ని నువ్వు పీకొద్దు. ఆ బండితో ముందే ఏదన్నా నేరం జరిగుంటే, తెలిసి సాక్ష్యం మాయం చేసినావని నీ మీదే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 238 పెట్టే అవకాశం ఉంది.

కంపెనీ చేసిచ్చిన బండిని చట్టం ఒప్పుకోని తీరులో మార్పించిన ఓనర్‌కు మోటారు వాహనాల చట్టం 182ఏ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5000 జరిమానా, లేదా రెండూ. దొంగ నంబర్ వేసుకుని తిరిగితే మోసం, ఫోర్జరీ సెక్షన్లు కూడా వస్తాయి. అయితే నా భయం వాటికి కాదు. మన పక్క శేషాచలం ఎర్రచందనం దుంగలు తోలేదానికే ఇట్లాంటి అరలు చేయిస్తారు, రేపు బండి ఎవరికన్నా ఇచ్చి అందులో దుంగో గంజాయో దొరికిందంటే క్రిమినల్ కేసు ఒకపక్క, బండి జప్తు ఇంకోపక్క నడుస్తుంది. ఆ జప్తు కాడ నాకు తెలీకుండా జరిగింది, నా జాగ్రత్తలో నేనున్నా అని రుజువు చేసుకోవాల్సింది ఓనరే. స్టీరింగ్ కింద స్విచ్ పెట్టుకుని తెలీదంటే ఎవురు నమ్ముతారు చెప్పు?

ఈ ప్లేట్‌తో పోలీసులు ఆపినప్పుడు భయపడి లాగించినావనుకో, అడ్డమొచ్చిన కానిస్టేబుల్‌ను గుద్దితే ప్రభుత్వ ఉద్యోగిని డ్యూటీలో అడ్డుకుని కొట్టినందుకు పెట్టే బీఎన్ఎస్ 132తో ఆగదు, హత్యాయత్నం సెక్షన్ 109 దాకా పోతుంది.

అందుకని బండి ఇంట్లోనే పెట్టు, తిరుమలకు కూడా తియ్యొద్దు. ఫోటోలు, వీడియో తియ్యి, ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ ఆర్‌సీతో సరిపోతున్నాయా చూడు, బ్రోకర్‌కు డబ్బు పంపిన రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటి కూడా డిలీట్ చెయ్యొద్దు. మెకానిక్ చూసినాడు కదా, ఆయప్ప నీకు సాక్షి, ఎప్పుడు చూసినాడో రాయించి సంతకం తీసుకో. ఒక వకీలును వెంటబెట్టుకుని స్టేషన్‌లో రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చి దాని కాపీ మీద స్టాంపు వేయించుకో. వాళ్ళు చూసి పంచనామా రాసినాకే ఆ స్విచ్ ఊడాల. పేరు మార్పిడికి 30 రోజులే గడువు, అది దాటిపోయింది, ఆ సంగతి కూడా కంప్లైంట్‌లో దాచకుండా రాయి.