పాల దిగుబడి అంచనా కట్టబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

చిత్తూరు జిల్లా జెర్సీ సంకర ఆవుల నెలవారీ పాల లెక్కలు చేతికి వచ్చాయనీ, వాటితో ఈత మొత్తం (అంటే ఆవు ఈనినప్పటి నుంచి వట్టిపోయేదాకా) దిగుబడిని ముందే అంచనా కట్టాలనుకుంటున్నాననీ రాశావు. ఏ నమూనా, అంటే అంచనా కట్టే ఏ సమీకరణం, వాడాలని అడిగావు గాని, అది రెండో ప్రశ్న. ఏ రోజున నిలబడి అంచనా వేస్తున్నావు, ఆ రోజుకు నీకు తెలిసినదేమిటి అన్నది మొదటి ప్రశ్న.

ఈ మాట నేను దెబ్బతిని నేర్చుకున్నదే. తొలిరోజుల్లో ఒక సమీకరణంలో ఆవు మొత్తం ఎన్ని రోజులు పాలిచ్చిందో ఆ సంఖ్యను కూడా చేర్చాను. అంచనాలు అసలు దిగుబడికి ఎంత దగ్గరగా వచ్చాయంటే, రెండు రోజులు గర్వంగా తిరిగాను. తీరా ఈని 60 రోజులైన ఆవుకు దాన్ని వాడబోతే, ఆ ఆవు ఎప్పుడు వట్టిపోతుందో ఆనాటికి ఎవరికీ తెలియదన్న సంగతి అప్పుడు తట్టింది. నీ పట్టికలోని ప్రతి గడినీ ఈ ఒక్క పరీక్షకు నిలబెట్టు.

నమూనా సంగతికి వస్తే, 1967లో వుడ్ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన, ఈనిన నాటి నుంచి పాలు రోజురోజుకూ పెరిగి తగ్గే తీరును చూపే వక్రరేఖతో మొదలుపెట్టు. అందులో మూడే స్థిరాంకాలు: ఒకటి మట్టాన్ని, రెండోది పెరుగుదలను, మూడోది తరుగుదలను నిర్ణయిస్తాయి, రెండోదాన్ని మూడోదానితో భాగిస్తే పాలు గరిష్ఠానికి చేరే రోజు వస్తుంది. ఉదాహరణకు అవి 6, 0.2, 0.004 అనుకుంటే 50వ రోజున సుమారు 10.7 కిలోలు, 305వ రోజుకు 5.6 కిలోలు వస్తాయి. లాగరిథం తీసుకుంటే మామూలు రిగ్రెషన్‌తోనే (కొలతలకు దగ్గరగా పోయే గీతను కనుక్కునే లెక్కతోనే) పని జరుగుతుంది. కాకపోతే తిరిగి కిలోలలోకి మార్చినప్పుడు సగటు కొంత తగ్గి వస్తుంది కనుక దాన్ని సరిదిద్దాలి. తొలి కొలత ఈనిన రెండు నెలలకు గాని పడని ఆవులో పెరుగుదల కనబడదు, రెండో స్థిరాంకం రుణసంఖ్యగా తేలవచ్చు. అది ఆవు తప్పు కాదు, దాన్ని తీసివేయవద్దు.

ఒక్కో ఆవుకు నాలుగైదు కొలతలే ఉన్నప్పుడు దేనికదే రేఖ గీస్తే రేఖలు అడ్డదిడ్డంగా పోతాయి. మిశ్రమ నమూనా, అంటే మంద మొత్తానికి ఒక రేఖనూ దాని నుంచి ఒక్కో ఆవు తేడానూ కలిపి లెక్కించేది, వాడితే, కొలతలు తక్కువ ఉన్న ఆవు అంచనా మంద సగటు వైపు ఒదుగుతుంది. తొలిచూలు ఆవులను మాత్రం వేరుగా చూడు. వాటి గరిష్ఠం తక్కువ, తరుగుదల నెమ్మది.

అన్నిటికన్నా ఎక్కువ కాలం లెక్కల పుట్టుక దగ్గర గడపమంటాను. దూడ చేపించి తాగిన పాలు పుస్తకంలోకి ఎక్కవు. ఒకచోట లీటర్లు, మరోచోట కిలోలు రాసి ఉంటాయి. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు కనుక నూటికి మూడు వంతుల తేడా ఊరికే వచ్చి చేరుతుంది. ఒక్కపూట పాలు కొలిచి రెట్టింపు చేసిన పేజీలూ ఉండవచ్చు. ఇంకో చిక్కు ఉంది: పాలు తగ్గిన ఆవును రైతు త్వరగా అమ్మివేస్తాడు, లేదా అదే ముందుగా వట్టిపోతుంది, దానితో తొమ్మిదో నెల సగటులో మంచి ఆవులే మిగిలి, తరుగుదల నిజానికన్నా నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది.

పరీక్షించేటప్పుడు కొలతలను పేకముక్కల్లా కలిపి పంచవద్దు. ఒకే ఆవు కొలతలు కొన్ని నేర్పడానికీ కొన్ని పరీక్షకూ పోతే నమూనా ఆ ఆవును ముందే చూసినట్టే. కొత్త ఆవులకు వాడాలంటే ఆవులను మొత్తంగా పక్కన పెట్టు. నడుస్తున్న ఈతలో మిగిలిన పాలకు వాడాలంటే తేదీ దగ్గర గీత గీయి. తప్పును శాతాల్లో కాక కిలోలలో చెప్పు. వచ్చే నెల కొలతను ముందుగా చెప్పేచోట, పోయిన నెల కొలతనే అంచనాగా పెట్టి నీ నమూనాతో పోల్చి చూడు; ఆ మొరటు పద్ధతిని ఓడించలేని సమీకరణాలను నేను చాలా చూశాను.

ముందుగా ఏవైనా ఇరవై ఆవుల కొలతలను, రేఖలేవీ గీయకుండా, ఉత్త చుక్కలుగా పెట్టి పంపు. ఏ ఆవు ఎన్నో ఈతలో ఉందో, ఎప్పుడు ఈనిందో పక్కన రాయడం మరువకు.

ఇట్లు,
మీ పెదనాన్న