కృష్ణబిలాల గురించి రాస్తున్న చెల్లెమ్మకు

పర్లాకిమిడి

చిరంజీవి చెల్లెమ్మకు,

కృష్ణబిలాల (కాంతిని కూడా బయటికి పోనివ్వని బ్లాక్ హోల్స్) మీద, ఇంకా కొన్ని వింత కణాల మీద గుణుపూర్ నుంచి నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. ఒడియా మీడియంలో సైన్సు చదువుకుని తెలుగులో రాయడానికి పూనుకున్నావు. ఆ పట్టుదల నాకు నచ్చింది కాబట్టే కాస్త గట్టిగా చెబుతున్నాను.

"కృష్ణబిలం దరిదాపులకొచ్చిన దేన్నైనా మింగేస్తుంది" అని మొదలుపెట్టావు. ఆ వాక్యం కొట్టెయ్. మన పాలపుంత నడిమధ్యన 40 లక్షల సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలం ఉంది. ఎస్2 అనే నక్షత్రం 16 ఏళ్లకోసారి దాన్ని చుట్టి వస్తూనే ఉంది. రేపు సూర్యుడే 3 కిలోమీటర్ల వ్యాసార్థానికి కుంచించుకుపోయి కృష్ణబిలమైనా భూమి ఇదే దారిలో తిరుగుతుంది. ఇలాంటి నక్షత్రాల నడకను ఏళ్ల తరబడి కొలిచినందుకే గెంజెల్, గెజ్ అనే ఖగోళ శాస్త్రవేత్తలకు 2020 భౌతికశాస్త్ర నోబెల్‌లో సగం దక్కింది. భయపెట్టడం మాని ఈ కొలత సంగతి రాయి.

ప్రతిపదార్థం (యాంటీమ్యాటర్, అంటే మామూలు పదార్థాన్ని తాకితే రెండూ మాయమై శక్తిగా మారేది) దగ్గర మరీ హడావిడి పడ్డావు. గ్రాము చాలు, ఊరు బూడిదే అన్నావు. ప్రయోగశాలల్లో ఇంతవరకు తయారైంది గ్రాములో కోటో వంతు కూడా లేదు. బాంబు వదిలెయ్. మన వైపు నుంచి వైద్యానికి విశాఖ వెళ్లేవాళ్లు ఎంతమందో నీకు తెలుసు. క్యాన్సర్ అనుమానం ఉంటే డాక్టర్లు పెట్ స్కాన్ రాస్తారే, నీ కథ అక్కడుంది. ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజు లాంటి మందును నరానికి ఎక్కిస్తారు. చక్కెరను ఆబగా లాక్కునే కణితిలో అది ఎక్కువగా పోగవుతుంది. ఆ ఫ్లోరిన్‌లోంచి పాజిట్రాన్, అంటే ఎలక్ట్రానుకు ప్రతికణం, బయటికొస్తుంది. మిల్లీమీటరో రెండో పోయేసరికి ఓ ఎలక్ట్రాను ఎదురై రెండూ మాయమవుతాయి. రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకు దూసుకుపోతాయి. చుట్టూ ఉన్న రింగు ఆ రెండింటినీ ఒకేసారి పట్టుకుంటే, వాటిని కలిపే గీత మీదే ఎక్కడో అవి పుట్టాయన్నమాట. అలాంటి గీతలు లక్షల్లో పోగైతే కణితి ఆకారం తేలుతుంది. భౌతికశాస్త్రవేత్త డిరాక్ 1928లో రాసిన సమీకరణంలోంచి ఊహకు అంది, 1932లో ఆండర్సన్ అనే మరో శాస్త్రవేత్త కంటపడ్డ కణం ఈ పాజిట్రాన్. ఇంట్లో ఒకరికి స్కాన్ తీయించినవాళ్లు ఈ పేరా టెన్షన్ మరిచిపోయి చదువుతారమ్మా.

అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు మన గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే మ్యూయాన్ కణాల సంగతి బాగా ఎత్తుకుని తొందరగా వదిలేశావు. సగటున 2.2 మైక్రోసెకన్లే బతికే కణం, కాంతి వేగంతో పోయినా 660 మీటర్లు దాటేలోపే చాలావరకు అంతరించిపోవాలి. మరి పది పదిహేను కిలోమీటర్ల పైన పుట్టి మన అరచేతిలోంచి నిమిషానికి వంద దాకా ఎలా దూరిపోతున్నాయి? ఆ ప్రశ్న దగ్గర ఆగి, వేగంగా పోయేవాటికి కాలం నెమ్మదిస్తుందన్న ఐన్‌స్టీన్ మాటను అక్కడ తీసుకురా. తిరగరాశాక మీ టెన్త్ పిల్లలకు చదివి వినిపించు. వాళ్లు ఎక్కడెక్కడ ఆపి అడిగారో పక్కన గుర్తు పెట్టి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య