వీలునామా రాసేశాం కదా అని ఊరుకోకండి

మొన్న సంక్రాంతికి అనంతపురం వెళ్లినప్పుడు మా అక్క కొడుకు, కోడలు కూడా కాలిఫోర్నియా నుంచి వచ్చారు. వాళ్లు అక్కడ ఇల్లు కొని ఏడాదైంది. మిద్దె మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే వాడు, "వీలునామా రాసేసినా మామా, ఇంక టెన్షన్ లేదు" అన్నాడు. అమెరికాకు కొత్తగా వెళ్లిన మనవాళ్ల నోట ఈ మాట చాలాసార్లు విన్నాను. అందుకే ఇది రాస్తున్నా.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. మన కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో వీలునామాకు ప్రొబేట్ (అది నిజమైనదేనని కోర్టు ధ్రువీకరణ) చేయించి తీరాలన్న నియమం లేదు. ఇంటిపెద్ద పోతే వీలునామా, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తాం. ఎవరూ అడ్డు చెప్పకపోతే పాసుపుస్తకంలో పేరు మారుతుంది. తగాదా వస్తేనే కోర్టు.

అమెరికాలో అలా కాదు. మీ ఒక్కరి పేరు మీదే ఉన్న ఇల్లు ఎవరికి చెందాలో వీలునామాలో ఎంత స్పష్టంగా రాసినా, దాన్ని కోర్టు ముందు పెట్టాల్సిందే. అప్పులిచ్చినవాళ్లకు నోటీసులు, ఆస్తికి విలువ కట్టడం, ఆ తర్వాతే పంపకం. ఖర్చు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో లాయర్ ఫీజు చట్టంలోనే రాసి ఉంది: మొదటి లక్ష డాలర్లకు 4 శాతం, రెండో లక్షకు 3, ఆపైన 8 లక్షలకు 2 శాతం. మావాడి ఇల్లు 10 లక్షలు చేస్తుంది. అంటే లాయర్‌కు 23,000 డాలర్లు. వీలునామాను అమలుచేసే ఎగ్జిక్యూటర్ అడిగితే ఆయనకూ అంతే. ఇంటి మీద 7 లక్షల లోన్ ఉన్నా లెక్క కట్టేది 10 లక్షల మీదే. భార్యాభర్తల్లో ఒకరు మిగిలితే దారి కాస్త సులువే. ఇద్దరూ లేనప్పుడు పిల్లల నెత్తిన పడే భారం ఇది.

దీన్ని తప్పించడానికి అక్కడ ఎక్కువమంది లివింగ్ ట్రస్ట్ పెట్టుకుంటారు. ఆ మాట అనగానే అక్క, "ఆర్డీటీ మాదిరా?" అని అడిగింది. అనంతపురంలో ట్రస్టంటే ముందు గుర్తొచ్చేది ఆ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టే మరి. లివింగ్ ట్రస్ట్ అలాంటి సేవా సంస్థ కాదు. ఇంటిని ట్రస్ట్ పేరుకు మారుస్తారు, దాన్ని చూసుకునే ట్రస్టీ మీరే. ఉన్నన్నాళ్లూ అందులో ఉండొచ్చు, అమ్ముకోవచ్చు, ట్రస్ట్‌నే రద్దు చేసుకోవచ్చు. మీ తర్వాత మీరు రాసిపెట్టిన సక్సెసర్ ట్రస్టీ కోర్టుతో పనిలేకుండా పంచుతారు.

అయితే లాయర్ ఇచ్చిన ఫైలు బీరువాలో పెట్టుకుంటే సరిపోదు. డీడ్, అంటే ఇంటి దస్తావేజు, ట్రస్ట్ పేరుకు మారి కౌంటీ రికార్డర్ (మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు లాంటిది) దగ్గర నమోదు కావాలి. 2021లో వడ్డీ తగ్గిందని, ట్రస్ట్‌లో ఉన్న అమెరికాలోని మా ఇంటికి నేను రీఫైనాన్స్ చేశాను, అంటే పాత లోన్ తీర్చి కొత్త లోన్ తీసుకున్నాను. లోన్ ఇచ్చేవాళ్లు ఇంటిని ట్రస్ట్ నుంచి బయటికి తీయించారు. పని అయ్యాక తిరిగి అందులో పెట్టాలని నాకెవరూ చెప్పలేదు. రెండేళ్ల తర్వాత ఆస్తిపన్ను బిల్లు మీద ట్రస్ట్ పేరు లేకపోవడం చూసి గుండె జారిపోయింది. ఆ రెండేళ్లలో మాకేమైనా అయి ఉంటే పిల్లలు కోర్టు చుట్టూ తిరిగేవాళ్లు.

ఎస్టేట్ ట్యాక్స్ (చనిపోయినవాళ్ల ఆస్తి మీద పడే పన్ను) వేరే సంగతి, ఈ ట్రస్ట్ దాన్ని తగ్గించదు. 2026లో సిటిజన్లకు, అక్కడే స్థిరపడినవాళ్లకు 1.5 కోట్ల డాలర్ల దాకా మినహాయింపు ఉంది. వీసా మీద ఉండి స్థిరనివాసులు కారని తేలితే 60,000 డాలర్లే. ఇది తప్పకుండా లాయర్‌ని అడగండి.

ట్రస్ట్ ఉన్నా వీలునామా మానకండి. చిన్నపిల్లలకు గార్డియన్‌గా ఎవరుండాలో చెప్పేది అదే. అమ్మానాన్నల పేరు రాస్తే వాళ్లు వీసా తీసుకుని వచ్చేదాకా పిల్లలు ఎవరి దగ్గరుండాలి? అక్కడే ఉన్న స్నేహితుల పేరు కూడా, వాళ్లను అడిగి, రాయండి.

ఇండియాలో ఉన్న పొలానికి, స్థలానికి వేరే వీలునామా రాయండి. ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించడమే మేలు. అమెరికా వీలునామాలో "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అన్న వాక్యం ఇక్కడిదాన్ని కూడా కొట్టేయకుండా చూసుకోండి. ఏదీ రాయకుండా మగమనిషి పోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తిలో తల్లికి, భార్యకు, పిల్లలకు సమాన వాటాలు వస్తాయి. మీ తరఫున వ్యవహరించమని తమ్ముడికో బావమరిదికో ఇచ్చిన జీపీఏ మీతోనే పోతుంది, ఆ తర్వాత చెల్లదు.

వీటన్నిటికంటే తేలిక పని, ఎక్కువమంది మరిచేదీ, అమెరికాలో ఇన్సూరెన్సుకూ, ఖాతాలకూ రాసే బెనిఫిషియరీ పేరు. మన బ్యాంకులో నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకు అప్పగించే మనిషి. అక్కడ బెనిఫిషియరీ అంటే ఆ డబ్బు వాళ్లదే, వీలునామాలో ఏం రాసినా సరే. 401కె (కంపెనీ ద్వారా ఉండే రిటైర్మెంట్ పొదుపు ఖాతా) అయితే పెళ్లయ్యాక భార్య సంతకం లేకుండా వేరేవాళ్లకు పోదు. కంపెనీ ఇన్సూరెన్సుకు అలాంటి నియమం లేదు. బ్యాంకు ఖాతాకూ షేర్లకూ ఇలాగే పేరు రాసుకోవచ్చు, రాస్తే వాటికి ప్రొబేట్ ఉండదు.

ఇది చెప్పగానే మావాడు ఫోన్ తీసి కంపెనీ ఇన్సూరెన్స్ పేజీ తెరిచాడు. ఉద్యోగంలో చేరిన వారం రాసిన పేరు, పెళ్లికి ముందుది, అలాగే ఉంది. వాళ్లమ్మ పేరు. కోడలు చూసింది గానీ ఏమీ అనలేదు. అక్కే కళ్లజోడు సర్దుకుని ఫోన్లోకి తొంగిచూసి, "మార్చు నాయనా, ఇప్పుడే మార్చు" అంది.