హోం మంత్రిని ప్రశ్నించబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రాబోయే శాసనసభ సమావేశాల్లో శాంతిభద్రతల మీద హోం మంత్రిని ప్రశ్నించాలనుకుంటున్నానని, నీ నియోజకవర్గంలో వరుసగా జరిగిన గొలుసు దొంగతనాలు, కళాశాల దారిలో ఆడపిల్లల వెంటపడే మూకల సంగతి గట్టిగా నిలదీయాలని ఉందని రాశావు. చివర్లో మరో మాట కూడా, అదేమంత విశేషం కానట్టు, రాశావు. దాని దగ్గరికి తరవాత వస్తాను. సభలో నువ్వు గౌరవ సభ్యురాలివి. నేనింకా అక్కడ ఉండి ఉంటే మీరు అనే అనేవాణ్ణి. ఉత్తరంలో మాత్రం మీ నాన్నగారి స్నేహితుడిగా, అలవాటైన పిలుపుతోనే రాస్తున్నానమ్మా, ఏమీ అనుకోకు.

ముందు ప్రశ్న రాయడం గురించి చెబుతాను, ఎందుకంటే సభలో జరిగే నష్టంలో ఎక్కువ భాగం సభకు రాకముందే, ప్రశ్న రాసే బల్ల దగ్గరే జరిగిపోతుంది. నేను మొదటిసారి గెలిచినప్పుడు వేసిన ప్రశ్న నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "(అ) పట్టణంలో రాత్రి గస్తీ సక్రమంగా లేనందువల్ల దొంగతనాలు పెరిగిన మాట వాస్తవమేనా? (ఆ) అయితే, ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి?" దానికి వచ్చిన జవాబు: "(అ) కాదండి. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు." అంతే. మంత్రిగారు లేచి ఆ ఆరు ముక్కలూ చదివి కూర్చున్నారు, నేను రాత్రంతా తయారు చేసుకున్న కాగితాలు నా చేతిలోనే ఉండిపోయాయి. అవునా కాదా అని అడిగితే కాదని చెప్పి తప్పించుకునే హక్కు మనమే వాళ్లకు ఇచ్చినట్టవుతుందని అప్పుడు తెలిసింది.

మరుసటి ఏడాది అదే గస్తీ మీద మళ్లీ ప్రశ్న వేశాను. ఈసారి అభిప్రాయం అడగలేదు. ఆ సబ్‌డివిజన్‌కు మంజూరైన కానిస్టేబుల్ పోస్టులెన్ని, వాటిలో ఖాళీలెన్ని, ఉన్నవారిలో బందోబస్తుకు, కోర్టు పనికి, అధికారుల ఇళ్ల దగ్గర పనికి వెళ్లినవారెందరు, గస్తీ వాహనాలెన్ని, వాటికి డ్రైవర్లెందరు అని మాత్రమే అడిగాను. రిజిస్టరులో ఉన్న అంకె అడిగినప్పుడు కాదనడానికి వీలుండదు. పట్టిక వచ్చింది. వాహనాలు నాలుగు, డ్రైవర్లు ఇద్దరు. ఆ కాగితం పట్టుకుని నేను అడిగిన అనుబంధ ప్రశ్న, అంటే మంత్రి జవాబు విన్నాక అక్కడికక్కడే లేచి అడిగే ప్రశ్న, ఒక్కటే: "మిగిలిన రెండు వాహనాలను రాత్రిపూట ఎవరు నడుపుతున్నారు, అధ్యక్షా?" మంత్రిగారు వెనక వరుసలో కూర్చున్న అధికారుల వైపు చూశారు, వాళ్లలో ఒకరు చీటీ రాసి అందించారు, నెల రోజుల్లో డ్రైవర్లను ఇస్తామన్న మాట సభ రికార్డులోకి ఎక్కింది. ప్రశ్నోత్తరాల సమయంలో నువ్వు సంపాదించగలిగిందల్లా ఇంతే అనుకో: మంత్రి నోట వెలువడి సభ కార్యకలాపాల్లో నమోదైన ఒక అంకె, ఒక తేదీ. దానికోసమే మిగతా శ్రమంతా.

నీ ముసాయిదాలో "నేరాలు పెరిగిన మాట వాస్తవమేనా" అని ఉంది. ఆ ప్రశ్న ప్రతిపక్షానికి ఎంత ఇష్టమో, బాధితులకు అంత చేటు. కేసుల సంఖ్య పెరిగిందని సభలో మంత్రిని ఇరుకున పెడితే, ఆ సాయంత్రమే పైనుంచి జిల్లా ఎస్పీకి ఫోను వెళుతుంది, ఎస్పీ నుంచి సీఐకి, సీఐ నుంచి ఎస్సైకి వెళుతుంది. మరుసటి నెల నుంచి స్టేషన్‌కు వచ్చిన ఫిర్యాదు ఎఫ్ఐఆర్ కాకుండా పిటిషన్‌గా, స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ బల్ల సొరుగులో ఉండిపోతుంది, లేదా రెండు పక్షాలనూ పిలిపించి రాజీ చేసి పంపేస్తారు. అంకె తగ్గుతుంది. నేరం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం, వెల్లడైతే ఎఫ్ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే తేల్చి చెప్పింది. అందుచేత ఏడాదిలో అందిన పిటిషన్లెన్ని, వాటిలో ఎఫ్ఐఆర్‌లుగా మారినవెన్ని, ఫిర్యాదుకూ నమోదుకూ మధ్య ఎన్ని రోజులు పట్టింది అని అడుగు. అన్నిటికంటే ముఖ్యంగా, మేజిస్ట్రేటు ఆదేశిస్తే తప్ప నమోదు కాని కేసులెన్ని అని అడుగు. ఈ చివరి అంకెను అధికారులు ఇష్టంగా ఇవ్వరు, ఎందుకంటే స్టేషన్ గుమ్మం దగ్గర వెనక్కి తిప్పిపంపబడి, వకీలును పెట్టుకుని కోర్టు దాకా వెళ్లగలిగినవారి లెక్క అది. వెళ్లలేనివారు ఎందరో ఆ లెక్కను బట్టి ఊహించుకోవచ్చు.

శాతాల దగ్గర కూడా జాగ్రత్తగా ఉండు. శిక్షల శాతాన్ని ఆ ఏడాది విచారణ పూర్తయిన కేసుల మీద కడతారు తప్ప నమోదైన కేసుల మీద కాదు. ఏళ్ల తరబడి కోర్టుల్లో మూలుగుతున్న కేసులు అందులో కనిపించవు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో, ఒకే ఎఫ్ఐఆర్‌లో అనేక నేరాలుంటే వాటిలో తీవ్రమైనదాన్నే పరిగణిస్తారు. గొలుసు లాగే పెనుగులాటలో మనిషి చనిపోతే అది హత్యల పద్దులో చేరుతుంది గానీ దోపిడీల పద్దులో కనిపించదు. అత్యవసర నంబరు 112 విషయంలో సగటు సమయం అడిగితే సగటే చెబుతారు. నగరంలో ఏడు నిమిషాలను, మారుమూల ఊళ్లో ముప్పావు గంటను కలిపి తీసిన సగటు ఏ ఒక్కరి అనుభవమూ కాదు. పట్టణానికి వేరుగా, గ్రామాలకు వేరుగా, రాత్రి పది దాటాక వచ్చిన ఫోన్లకు వేరుగా అడుగు.

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితను ఒకసారి శ్రద్ధగా చదువు. అందులో ప్రశ్నలకు పనికొచ్చే గడువులు చాలా ఉన్నాయి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకో బాధితులకో తెలియజేయాలని 193వ సెక్షన్ చెబుతోంది. నీ జిల్లాలో 90 రోజులు దాటిన కేసుల్లో ఎందరికి అలా తెలియజేశారని అడిగి చూడు. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలన్న నిబంధనను అమలుకు తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు వెసులుబాటు ఇచ్చారు. ఈ లోపల ఎందరు నిపుణులను నియమించారు, జిల్లాకు ఎన్ని వాహనాలిచ్చారు అన్నది ఇప్పుడే అడగవలసిన ప్రశ్న. స్టేషన్లలో సీసీ కెమెరాల సంగతీ అంతే. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో కెమెరాలు పెట్టి, రికార్డింగును 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది పాటు భద్రపరచాలన్నది. కెమెరాలు ఎన్ని కొన్నారని అడిగితే పెద్ద అంకె చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. కిందటి నెలలో ఎన్ని పనిచేశాయి, ఎన్ని రోజుల రికార్డింగు ఉంది అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

నిధుల మాట ఎత్తితే మంత్రి కేంద్రం వైపు వేలు చూపించవచ్చు. శాంతిభద్రతలు, పోలీసు శాఖ రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితాలోని మొదటి రెండు అంశాలు. కాబట్టి బాధ్యత ఎవరిదన్న చర్చే అక్కడ అనవసరం. కేంద్రం నుంచి డబ్బు రాలేదంటే, వచ్చినదాన్ని ఖర్చు చేసినట్టు చూపే వినియోగ ధ్రువపత్రాలు ఏ తేదీన పంపారని వెంటనే అడుగు. మహిళల భద్రత కోసం 2013లో కేంద్రం ఏర్పాటు చేసిన నిర్భయ నిధి విషయంలో ఈ ప్రశ్న మరీ అవసరం.

నోటీసు గడువులు, రోజుకు ఎన్ని ప్రశ్నలు అన్నవాటి జోలికి నేను పోను. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పవలసినవి, ఉంటాయి గానీ, 208వ అధికరణం కింద ప్రతి శాసనసభా తన నియమాలను తానే రూపొందించుకుంటుంది గనుక, మీ సభ నియమావళి పుస్తకం తెప్పించుకుని ప్రశ్నల అధ్యాయం చదువు. తెలియనిది శాసనసభ కార్యాలయంలో ప్రశ్నల విభాగం వారిని అడుగు. మంత్రుల పేషీల కంటే ఓపిగ్గా చెబుతారు. పట్టిక కావలసినవన్నీ నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలుగా ముందే వేసి, లిఖితపూర్వక జవాబులు చేతికొచ్చాక, వాటిలోంచి ఒక్క అంశం తీసి నక్షత్ర గుర్తు ప్రశ్నగా వేయడం మంచిది.

అనుబంధ ప్రశ్నకు లేచినప్పుడు ఉపోద్ఘాతం వద్దు. స్పీకర్‌గారు "ప్రశ్న అడగండి" అనే లోపలే అడిగేయి. రెండు విషయాలు కలిపి అడిగితే మంత్రి సులువైనదానికి జవాబిచ్చి కూర్చుంటారు, కనుక ఒకటే అడుగు. 194వ అధికరణం సభలో నీ మాటకు రక్షణ ఇస్తుంది నిజమే, కానీ ఆ రక్షణ నీకుగాని, నువ్వు పేరు బయటపెట్టిన అమ్మాయికి కాదు. లైంగిక నేరాల బాధితుల పేరు, ఊరు, చదివే కళాశాల, తండ్రి వృత్తి, ఏదీ నీ నోట రాకూడదు. కోర్టు విచారణలో ఉన్న కేసు లోతుల్లోకి వెళ్లకు. సభకు వచ్చి బదులు చెప్పుకోలేని ఎస్సైని పేరు పెట్టి తిట్టకు. అక్కడ జవాబుదారీ మంత్రి.

ప్రశ్న వేసే ముందు ఒక సాయంత్రం కళాశాల వదిలే వేళకు కారు దూరంగా ఆపించి, ఆ బస్టాపులో నిలబడు. ఏ దీపం వెలగడం లేదో, చివరి బస్సు ఎన్నింటికో, పోలీసు వాహనం ఎన్నిసార్లు వచ్చిందో నీ కళ్లతో చూసి రాసుకో. మహిళా కానిస్టేబుళ్లతో కూడా మాట్లాడు. పన్నెండు గంటలు బందోబస్తులో నిలబడినవాళ్లు రాత్రి గస్తీ ఎలా తిరుగుతారో వాళ్లే చెబుతారు. వాళ్ల ఇబ్బందులను కూడా ప్రశ్నగా మలిచావంటే శాఖలో నీకు శత్రువులు తగ్గుతారు, సమాచారం పెరుగుతుంది.

మంత్రి "పరిశీలిస్తాం", "సమాచారం సేకరిస్తున్నాం", "త్వరలో చేస్తాం" అన్నప్పుడు చాలామంది విసుక్కుంటారు. నువ్వు మాత్రం తేదీ వేసి పుస్తకంలో రాసుకో. అటువంటి మాటలు హామీలుగా లెక్కకు వస్తాయి, వాటిని వెంటాడడానికి సభలో హామీల కమిటీ ఉంది. నా డ్రైవర్లు కూడా నెలకు రాలేదు. ఆ కమిటీకి రెండు ఉత్తరాలు రాశాక, ఏడో నెలలో వచ్చారు.

ఇక నువ్వు చివర్లో రాసిన మాట. మీ పట్టణ స్టేషన్‌కు "మనవాడు" అయిన ఎస్సైని వేయమని హోం మంత్రికి లెటర్‌హెడ్ మీద సిఫారసు ఇచ్చానన్నావు. నా రెండో విడతలో, ఎస్సైలను ఆరు నెలలకొకసారి మారుస్తూ పోతే దర్యాప్తులు ఏమవుతాయని ఆవేశంగా అడిగాను. మంత్రిగారు నెమ్మదిగా కళ్లజోడు సవరించుకుని, ఫైలులోంచి ఒక కాగితం తీసి, "గౌరవ సభ్యులు స్వయంగా సంతకం చేసిన బదిలీ సిఫారసు నా దగ్గరుంది, చదవమంటారా అధ్యక్షా?" అన్నారు. రెండు వైపులా నవ్వారు. మా పార్టీ వాళ్లే ముందు నవ్వారు. ఆ సమావేశాలు ముగిసేదాకా పోలీసుల మీద నేను నోరెత్తలేకపోయాను.

2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, స్టేషన్ అధికారులకు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, డీఎస్పీ, అంతకు దిగువ స్థాయి బదిలీలను పోలీసు ఉన్నతాధికారుల బోర్డు నిర్ణయించాలని ఆదేశించింది. ఆ బోర్డు మీ రాష్ట్రంలో ఏడాదికి ఎన్నిసార్లు సమావేశమైంది, రెండేళ్లు నిండకుండా బదిలీ అయిన స్టేషన్ అధికారులెందరు అన్నది నీ ప్రశ్నల్లోకెల్లా పదునైన ప్రశ్న కాగలదు. నీ సంతకం ఆయన ఫైలులో ఉన్నంతకాలం దాన్ని అడగలేవు. నోటీసు ఇచ్చే తేదీకి ముందే, సిఫారసును ఉపసంహరించుకుంటున్నానని ఇంకో లేఖ రాసి, అందినట్టు పేషీలో ముద్ర వేయించుకో. ఆ నకలుతో పాటు నీ ప్రశ్నల ముసాయిదా నాకు పంపితే, దిద్ది రెండు రోజుల్లో తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ నాన్నగారి పాత స్నేహితుడు