రాతి గోడ దాటని వైఫై, ముట్టుకుంటే జివ్వుమనే సీపీయూ

ఈసారి నెట్, కంప్యూటర్ ప్రశ్నలు ఎక్కువగా నల్లగొండ, పాలమూరు వైపు నుంచే వచ్చాయి. సగం మంది "కొత్తది కొనాలా?" అనే అడిగారు. చాలావాటికి కొనాల్సిన పనే లేదు. తప్పు లైన్‌లో ఉందా, రూటర్‌లో ఉందా, కంప్యూటర్‌లో ఉందా అన్నది తేలేదాకా జేబులో చెయ్యి పెట్టకండి.

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దగ్గర ఊరు. తాతల నాటి రాతి గోడల ఇల్లు. రూటర్ ముందు గదిలో ఉంది. మా పాప వెనక గదిలో కూర్చుని ఎప్‌సెట్ క్లాసులు వింటుంది, అక్కడ ఒక్క గీతే వస్తుంది, వీడియో ఆగి ఆగి నడుస్తుంది. నాలుగు యాంటెన్నాల రూటర్ కొనమని షాపాయన అంటున్నాడు. కొనమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దక్కా. ముందు ఫోన్ పట్టుకుని రూటర్ పక్కన నిలబడి పాప వినే క్లాసే పెట్టి చూడండి. అక్కడ కూడా ఆగుతుంటే లైన్‌లోనో రూటర్‌లోనో తేడా ఉన్నట్టు, కనెక్షన్ ఇచ్చినవాళ్లను పిలవండి. అక్కడ బాగా నడిచి వెనక గదిలో ఆగుతుంటే అడ్డం పడుతున్నది గోడే. యాంటెన్నాలు నాలుగైనా ఆరైనా ఒక సంగతి మారదు. రూటర్ మాట ఫోన్‌కు వినపడితే చాలదు, ఫోన్ మాట కూడా రూటర్‌కు వినపడాలి, ఫోన్‌లో ఉన్నది చిన్న యాంటెన్నా, దాని బలం అంతే. మందపాటి రాతి గోడలు రెండు దాటడం దానివల్ల కాదు.

డబ్బులు పెట్టకుండా చేయగలిగేవి ముందు చేయండి. రూటర్ ఇనుప బీరువా పక్కనో టీవీ వెనకో ఉంటే తీసి, నడవ తలుపుకు ఎదురుగా, మనిషి ఎత్తుకు పైన పెట్టండి, సిగ్నల్ గోడలోంచి కంటే తెరిచిన తలుపులోంచి చాలా సులువుగా పోతుంది. రెండు పేర్లతో వైఫై కనిపిస్తుంటే వెనక గదిలో 2.4 గిగాహెర్ట్జ్ పేరు పట్టుకోండి. 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువే కానీ గోడల దగ్గర త్వరగా చచ్చుబడుతుంది.

అయినా చాలకపోతే నా సలహా కేబులే. క్యాట్ 6 అనే నెట్ వైరు 100 మీటర్ల దాకా బాగా పనిచేస్తుంది, మీ ఇంటికి అంత అవసరం కూడా లేదు. గోడకు చిన్న రంధ్రం కొట్టించి వెనక గదిలోకి లాగి, పాత రూటర్ ఉంటే దాన్నే అక్కడ పెట్టండి. దాని సెట్టింగుల్లో 'యాక్సెస్ పాయింట్ మోడ్' (మొదటి రూటర్ నెట్‌నే వైఫైగా పంచే పద్ధతి) ఉంటే అది ఎంచుకుంటే పని అయిపోయినట్టే. లేకపోతే దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) మొదటి రూటర్‌కు తగలకుండా మార్చి, ఫోన్లకు ఆ నంబర్లు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, మొదటి రూటర్ ల్యాన్ పోర్టు నుంచి దీని ల్యాన్ పోర్టుకే వైరు ఇవ్వాలి. చాలామంది బయటి నెట్ లైన్ వచ్చే వ్యాన్ పోర్టులో పెట్టి తంటాలు పడతారు. పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే పెట్టండి. 2.4లో ఛానెళ్లు మాత్రం వేరుగా, ఒకదానికి 1, ఇంకోదానికి 6 గానీ 11 గానీ ఇవ్వండి, అప్పుడు ఒకదాని మీద ఒకటి పడవు. వైరు లాగడం అసలు కుదరకపోతేనే రిపీటర్, అంటే వైఫైని అందుకుని మళ్లీ ముందుకు పంపే పెట్టె. అది కూడా సిగ్నల్ లేని గదిలో కాదు, సిగ్నల్ ఇంకా బాగున్న మధ్య చోట పెట్టాలి, చౌక రకం అయితే వేగం సగానికి పడిపోతుంది.

ప్రశ్న: హాలియా నుంచి. ఫైబర్ బాక్స్ మీద ఎర్ర లైటు మినుకుమంటోంది. ఎన్నిసార్లు ఆపి వేసినా అంతే.

జవాబు: దాని కింద ఎల్‌ఓఎస్ అని రాసి ఉంటే బాక్స్‌కు వెలుతురు అందడం లేదని అర్థం, ఆపి వేస్తే పోయేది కాదు. ఇంట్లో పసుప్పచ్చ సన్న వైరు బల్ల కింద నలిగిందా, బాగా వంగిందా చూడండి, గాజు పోగు గట్టిగా వంగితే వెలుతురు బయటికి కారిపోతుంది. ఇంట్లో బాగుంటే తప్పు బయటే, మీ వైపు కోతులు స్తంభాల మీద వైర్లు పట్టుకుని ఊగి తెంపడం మామూలే. ఫోన్ చేసినప్పుడు "నెట్ రావట్లేదు" అనకుండా "ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది, లైన్‌మన్‌ను పంపండి" అనండి. ఊడిన వైరు కొసను కంటికి దగ్గరగా పెట్టి చూడొద్దు, అందులో వచ్చే లేజర్ కంటికి కనపడదు కానీ కన్నుకు మంచిది కాదు.

ప్రశ్న: జడ్చర్ల నుంచి. సీపీయూ డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోంది. చెప్పులు వేసుకుంటే ఏం లేదు. పిల్లలు కూడా వాడతారు, భయంగా ఉంది.

జవాబు: భయపడాల్సిందే, వాయిదా వేయొద్దు. కంప్యూటర్ పవర్ సప్లైలో కరెంటు మురికిని వడగట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి, అవి ఆ మురికిని ఎర్త్ వైరులోకి దింపాలి. మీ ప్లగ్గులో ఎర్త్ లేకపోతే అది డబ్బా మీదే నిలుస్తుంది, టెస్టర్ పెడితే వెలుగుతుంది, మీటర్ పెడితే 230లో సగం దాకా చూపించవచ్చు. ఈ జివ్వు వరకు కరెంటు చాలా తక్కువ, ప్రాణం తీయదు. కానీ రేపు లోపల నిజంగా వైరు కాలి డబ్బాకు తగిలితే, పోవడానికి ఎర్త్ లేదు కాబట్టి పూర్తి 230 వోల్టులు ముట్టుకున్నవాళ్ల ఒంట్లోంచే పోతాయి. నాకు భయం అక్కడే.

మూడు పిన్నుల ప్లగ్గు పట్టక రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టారేమో ముందు చూడండి. సాకెట్ సరిగ్గానే ఉంటే ఇంటికి ఎర్త్ గుంత ఉందో లేదో, ఉంటే వైరు తెగిందో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష పెట్టించండి. మన వైపు ఎండాకాలం నేల బీటలు వారేంత ఎండిపోతుంది, ఎండిన గుంత పనిచేయదు, బొగ్గు, ఉప్పు వేసిన గుంతైనా నీళ్లు పోస్తుండాలి. కొందరు సాకెట్‌లోనే ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేసి "అయిపోయింది" అంటారు. దానికి ఒప్పుకోకండి, ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజు డబ్బా మొత్తం ఫేజ్ అవుతుంది, అంటే ముట్టుకుంటే పూర్తి కరెంటే. ఎర్త్ సరిచేశాక మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు పక్కకు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఒకటి పెట్టించండి, పిల్లలున్న ఇంట్లో దానికి పెట్టే డబ్బు వృథా కాదు. అప్పటిదాకా ఆ కంప్యూటర్ ప్లగ్గు తీసి ఉంచండి.

ప్రశ్న: వనపర్తి నుంచి, రిటైర్డ్ టీచర్‌ను. ఫోన్‌లో అన్నీ వస్తున్నాయి. కంప్యూటర్‌లో మాత్రం పింఛన్‌దారుల లైఫ్ సర్టిఫికెట్ కోసం ఉన్న జీవన్ ప్రమాణ్ సైటు తెరిస్తే "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అంటోంది. కరెంటు పోయి వచ్చాకే ఇట్లా.

జవాబు: సార్, స్క్రీన్ కింద మూలన తేదీ చూడండి. పాత సంవత్సరం ఏదో ఉంటుంది. ప్రతి సైటుకూ అది అసలుదేనని చూపే సర్టిఫికెట్ ఉంటుంది, దానికి మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి, కంప్యూటర్ పాత తేదీలో ఉంటే ఆ సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదనుకుంటుంది. తేదీ సరిచేయగానే సైటు తెరుచుకుంటుంది. మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 సెల్లు అయిపోయింది కాబట్టి ఇట్లా అవుతోంది. ప్లగ్గు తీసి అదే నంబరు సెల్లు మార్పించండి. మొదటిసారి ఎఫ్1 నొక్కమని అడిగితే కంగారు వద్దు.

ప్రశ్న: సూర్యాపేట నుంచి. నాన్న ఏదో సైటు చూస్తుంటే స్క్రీన్ నిండా ఎర్రగా వచ్చి అలారం మోగింది, కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఉంది. నాన్న చేశారు. వాళ్లు ఒక యాప్ వేయించి మౌస్ వాళ్లే కదిపారు. నేను చూసి కరెంటు తీసేశాను. డబ్బులు పోలేదు. ఇప్పుడు?

జవాబు: కరెంటు తీసి చాలా మంచి పని చేశావు తమ్ముడూ. నాన్నను ఏమీ అనొద్దు, ఆ పేజీని భయపెట్టడానికే తయారు చేస్తారు. మైక్రోసాఫ్ట్ అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు, ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పు. ఇప్పుడు నెట్ వైరు తీసి, వైఫై ఆపి కంప్యూటర్ వేసి, ఆ యాప్‌ను తీసేయి. తర్వాత విండోస్‌తోనే వచ్చే విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ (విండోస్ తెరుచుకోకముందే వైరస్‌లు వెతికేది) నడిపించు. కంప్యూటర్‌లో కాదు, ఫోన్‌లోంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి, బ్యాంకుకూ ఒక మాట చెప్పండి. ఖాతాలో రూపాయి కదిలినట్టు కనిపించినా ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. అలాంటి పేజీ మళ్లీ వస్తే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కు. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేయి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తేవాలా అని అడిగితే వద్దను.