ఇంజెక్టర్లు మార్చేముందు వాషర్లు చూపించండి

ప్రశ్న: మాది 2014 మోడల్ డీజిల్ కారు. కొన్నాళ్లుగా స్టార్ట్ చేయగానే ఇంజన్లోంచి చుస్ చుస్‌మని శబ్దం. ఏసీ వేస్తే లోపలికి పొగ వాసన వస్తోంది. మెకానిక్ నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలంటున్నారు. నిజంగా అవసరమా? ఈలోగా పిల్లలతో తిరుపతి వెళ్లి రావచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తిరుపతి ప్రయాణం వాయిదా వేసుకోండి. లోపలికి వస్తున్నది సిలిండర్లో మండిన గ్యాస్ అయి ఉంటుంది. అద్దాలు బిగించుకుని పిల్లలతో గంటల తరబడి దాన్ని పీల్చడం ప్రమాదం.

మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల మీద కాదు, వాటి అడుగున ఉండే రాగి వాషర్ల మీద. మండే గ్యాస్ పైకి తన్నుకు రాకుండా ఆపేది ఆ చిన్న వాషరే. ఇంజన్ మీది ప్లాస్టిక్ కవర్ తీసి చూడండి. ఏదో ఒక ఇంజెక్టర్ మొదట్లో తారులా నల్లటి ముద్ద పేరుకుని ఉంటే లీకు అక్కడే. కనిపించకపోతే స్టార్ట్ చేసి మొదళ్లలో కొంచెం సబ్బునీళ్లు పోయించండి, లీకు ఉన్నచోట బుడగలు లేస్తాయి. ఇంజన్ నడుస్తుండగా డీజిల్ పైపుల నట్లు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టం, అంటే కామన్ రైల్లో ప్రెషర్ 1,000 బార్ దాటుతుంది, సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

వాషర్ పదుల రూపాయల్లో దొరుకుతుంది. పనంతా సీటు, అంటే గుంత అడుగున వాషర్ కూర్చునే చోటు, శుభ్రం చేయడంలోనే ఉంది. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఇంజెక్టర్ లాగాక పాత వాషర్ ఒక్కోసారి గుంతలోనే అతుక్కుపోతుంది. చూసుకోకుండా దానిమీదే కొత్తది వేస్తే మళ్లీ లీకే. టార్చి వేసి చూడాలి. మసి సిలిండర్లో పడకుండా నాజిల్ (ఇంజెక్టర్ మొన) దూరే రంధ్రాన్ని గ్రీజు రాసిన గుడ్డతో మూసి, సీటును గీకే సీట్ కట్టర్‌ను చేత్తోనే మెల్లగా తిప్పాలి. లోహం తళతళలాడుతూ కనిపించేదాకా ఆపకూడదు. తర్వాత గుడ్డ తీయడం మరవకూడదు.

పాత వాషర్‌నే ఎర్రగా కాల్చి, మెత్తబరిచి మళ్లీ వేసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. ఇక్కడ అది ఒప్పుకోకండి. నలిగిన వాషర్ పలచబడి ఉంటుంది, నాజిల్ కూర్చునే లోతు మారిపోతుంది. కంపెనీ చెప్పిన మందంలో కొత్తవే వేయించండి. ఇంజెక్టర్‌ను పట్టి ఉంచే క్లాంప్ బోల్టు కూడా కొత్తది వేసి, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో మాన్యువల్లో ఉన్నంతే బిగించాలి. సీలెంట్ పూయనివ్వద్దు. తీసేముందే ఇంజెక్టర్ల మీద సిలిండర్ నంబర్లు రాయించండి. చాలా కార్లలో ఒక్కో ఇంజెక్టర్ కోడ్ ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్ (ఈసీయూ)లో దాని సిలిండర్ పేరునే నమోదై ఉంటుంది, తారుమారైతే ఇంజన్ అదురుతుంది.

ఒకటే లీకైనా నాలుగు వాషర్లూ మార్పించండి. బిగించాక మళ్లీ సబ్బునీళ్లు పోయించండి. బుడగలు ఇంకా వస్తే సీటు గుంటలు పడినట్టే, సిలిండర్ హెడ్‌లు (ఇంజన్ పైభాగం) బాగుచేసే వర్క్‌షాపుకి తీసుకెళ్లాలి. బుడగలు ఆగినా తెల్లపొగ, నాకింగ్ (ఇంజన్లో టకటకమనే శబ్దం) ఉంటే అప్పుడు ఇంజెక్టర్లను డీజిల్ పంపు షాపులో బెంచ్ మీద టెస్ట్ చేయించండి. ఏది ఫెయిలైతే దాన్ని మాత్రమే మార్చండి.