మార్చి 31 అంకె రాసే ముందు

విజయనగరం

చిరంజీవి మేనకోడలికి,
మామయ్య ఆశీస్సులతో రాయునది.

నువ్వు అడిగిన ప్రశ్న ఫోనులో తేలేది కాదు. అందుకే ఈ ఉత్తరం. కంపెనీ పెట్టుబడుల జాబితా మొత్తం నీ బల్ల మీద పెట్టి, మార్చి 31 నాటి ఫెయిర్ వాల్యూ (ఆ రోజు అమ్మితే వచ్చే ధర) లెక్కకట్టి నోటు రాసి తెమ్మన్నారని, అదెలా కట్టాలని అడిగావు. కంగారు పడాల్సిన పని కాదు. అలాగని మీట నొక్కితే కంప్యూటర్ ఇచ్చే అంకె కూడా కాదు.

ఆడిటర్‌గా నేను ఎక్కువగా చూసినవి మన రైస్ మిల్లులు, జూట్ మిల్లులు, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల లెక్కల పుస్తకాలు. వాటిలో చాలావరకు ఏఎస్ 13 అనే పాత అకౌంటింగ్ ప్రమాణం కిందే నడుస్తాయి. దీర్ఘకాలిక పెట్టుబడి కొన్న ధరకే ఉంటుంది, విలువ తాత్కాలికంగా కాక నిజంగానే పడిపోతే తప్ప దాన్ని కదపరు. స్వల్పకాలికమైతే కొన్న ధర, ఫెయిర్ వాల్యూ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది రాస్తారు. నష్టాన్ని వెంటనే ఒప్పుకొని, లాభాన్ని చేతికి వచ్చేదాకా నమ్మని పద్ధతి అది. మీది లిస్టెడ్ కంపెనీ కాబట్టి ఇండ్ ఏఎస్ అనే కొత్త ప్రమాణాలు వర్తిస్తాయి. 2016 ఏప్రిల్ 1 నుంచి 500 కోట్లు, ఆపైన నికర విలువ ఉన్న కంపెనీలకు, మరుసటి ఏడాది నుంచి మిగతా లిస్టెడ్ కంపెనీలకు, 250 కోట్లు దాటిన అన్‌లిస్టెడ్ కంపెనీలకు ఇదే వరస. ఇక్కడ లాభం కూడా కాగితం మీదే ఖాతాలోకి వస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఇండ్ ఏఎస్ 113 చెప్పేది ఇంతే: ఆ రోజున, మార్కెట్‌లో ఉన్న తెలివైన పరాయి మనిషికి, తొందరేమీ లేకుండా, పద్ధతిగా అమ్మితే నీకు వచ్చే ధరే ఫెయిర్ వాల్యూ. నువ్వు కొన్న ధరతో దానికి పనిలేదు. నీ చైర్మన్ ఎంతకైతే అమ్ముతాడన్నదీ కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను పెళ్లగించాక, అప్పులవాడు గుమ్మంలో కూర్చున్న రైతు తోటను వచ్చిన కాడికి అమ్మేశాడనుకో. అది అతనికి వచ్చిన ధరే కానీ తోట ఫెయిర్ వాల్యూ కాదు, ఎందుకంటే అక్కడ బలవంతం ఉంది. షేరయినా బాండయినా ఇదే సూత్రం. అయితే మార్కెట్ మొత్తం పడిపోయినంత మాత్రాన దాన్ని బలవంతపు అమ్మకం అనకూడదు. ధరలు పడిన ఏడాది ఆ వాదన తప్పకుండా నీ చెవిన పడుతుంది.

విలువ కట్టే ముందు జాబితాను ఇండ్ ఏఎస్ 109 ప్రకారం వేరుచెయ్యి. అసలూ వడ్డీ మాత్రమే వచ్చే బాండును గడువుదాకా ఉంచుకునే ఉద్దేశంతో కొంటే అది అమార్టైజ్డ్ కాస్ట్‌లో (కొన్న ధరనే వడ్డీ లెక్కతో ఏటా సర్దుతూ వచ్చే అంకెలో) ఉంటుంది. వడ్డీ వసూలు చేసుకుంటూ, అవసరమైతే అమ్ముదామనుకుంటే, లాభనష్టాల ఖాతాకు బయట విడిగా చూపే ఇతర సమగ్ర ఆదాయం ద్వారా ఫెయిర్ వాల్యూకు వస్తుంది. మిగతావన్నీ లాభనష్టాల ఖాతా ద్వారా. ఈక్విటీ షేర్లకు మాత్రం కొన్నరోజే ఒక్కొక్క పెట్టుబడికీ ఎంచుకునే వీలుంది. ఇతర సమగ్ర ఆదాయం అని ఒకసారి ఎంచుకుంటే వెనక్కి రాలేవు, రేపు అమ్మి ఎంత లాభం చేసినా అది లాభనష్టాల ఖాతాలో కనపడదు. డివిడెండు మాత్రం కనపడుతుంది. ఆ రోజు ఏం ఎంచుకున్నారో కాగితం వెతికి పట్టుకో. అమార్టైజ్డ్ కాస్ట్‌లో ఉన్నవాటికి కూడా నోట్సులో ఫెయిర్ వాల్యూ చూపించాలన్నది చాలామంది మరచిపోతారు. కొద్ది నెలల్లో వసూలయ్యే ఖాతాదారుల బాకీల్లాంటి వాటికి మాత్రం, పుస్తకం విలువే దాదాపు ఫెయిర్ వాల్యూ అని ఒక వాక్యం రాస్తే చాలు.

ధర ఎక్కడినుంచి దొరికిందన్నదాన్ని బట్టి ఇండ్ ఏఎస్ 113 ఫెయిర్ వాల్యూను మూడు లెవెళ్లుగా విడదీస్తుంది. లెవెల్ 1 సులువు. ఎక్స్ఛేంజీలో రోజూ చేతులు మారే షేరుకు ముగింపు ధరను షేర్ల సంఖ్యతో గుణించడమే. తేదీ దగ్గర మాత్రం జాగ్రత్త. 2024 మార్చి 31 ఆదివారం, 29 గుడ్ ఫ్రైడే, కాబట్టి చివరి ట్రేడింగ్ 28న. 2025లో మార్చి 31 రంజాన్ సెలవు, ధర మళ్లీ 28దే. ఏప్రిల్ 1 ధర ఎంత ఆకర్షణీయంగా ఉన్నా అది వచ్చే ఏటిది. 'మన దగ్గర అంత వాటా ఉంది, ఒక్కసారిగా అమ్మితే ధర పడుతుంది, కొంచెం తగ్గిద్దాం' అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. గుట్టగా ఉందని లెవెల్ 1 ధరను తగ్గించే వీల్లేదు, పెంచే వీలూ లేదు. బ్రోకరేజీ కూడా ఇందులోంచి తీసెయ్యరు.

లెవెల్ 2 అంటే ఆ వస్తువు ధర నేరుగా దొరకదు కానీ దాన్ని నిర్ణయించే రేట్లు బయట కనపడతాయి. మీ దగ్గర ఉందన్న డిబెంచరునే (కంపెనీ అప్పు పత్రాన్నే) తీసుకో. ముఖవిలువ 100, వడ్డీ 8 శాతం, ఇంకా మూడేళ్లు ఉంది. అదే రేటింగు, అదే గడువు ఉన్న కాగితానికి మార్కెట్ ఇవాళ 9 శాతం అడుగుతోందనుకో. మొదటి ఏడు 8ని 1.09తో, రెండో ఏడు 8ని 1.1881తో, మూడో ఏడు 108ని 1.295తో భాగించి కూడితే 97.47 వస్తుంది. పది కోట్ల ముఖవిలువ మీద పాతిక లక్షల పైచిలుకు తరుగు. మార్కెట్ 10 శాతం అడిగితే 95.03. ఈ లెక్క ఒక్కసారి చేత్తో వేసి చూడు, ఆ తరువాత ఎక్సెల్‌లో వెయ్యి. వడ్డీ రేటు ఎక్కడినుంచి వచ్చిందో, ఏ తేదీదో అదే కాగితం మీద రాయి. ప్రభుత్వ బాండ్ల రేట్లను ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ రోజూ ప్రకటిస్తుంది, దాని మీద రేటింగును బట్టి అదనం కలుస్తుంది. ఆ రేటింగును గుడ్డిగా నమ్మకు. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ అనే ఫైనాన్స్ సంస్థ రేటింగు ఉన్నత శ్రేణి నుంచి 'డి'కి, అంటే బాకీ కట్టలేని స్థాయికి, పడటానికి కొద్ది వారాలే పట్టింది.

మ్యూచువల్ ఫండ్లకు ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్‌కు రోజూ ప్రకటించే విలువ) ఉంది కదా అని ఊరుకోకు. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్‌టన్ ఆరు డెట్ పథకాలను మూసేస్తున్నట్టు ప్రకటించాక ఎన్‌ఏవీ ప్రకటన ఆగలేదు. డబ్బు వెనక్కి తీసుకునే దారి ఆగింది. కాబట్టి మార్చి 31న ఆ ధరకు నిజంగా రిడీమ్ చేసుకోగలమా అన్నది చూసి రాయి. లిక్విడ్ ఫండ్లను కొందరు లెవెల్ 1లో, కొందరు లెవెల్ 2లో చూపుతారు. కారణం రాసి, ఏటా ఒకేలా చూపించు.

ఇక లెవెల్ 3. ఇక్కడ ధర దొరకదు, రేటూ దొరకదు, మనమే ఊహించాలి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఈ లెక్కల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. ఒక అన్‌లిస్టెడ్ కంపెనీకి వచ్చే ఏడాది కోటి రూపాయల నగదు మిగులుతుందని, డిస్కౌంట్ రేటు (రేపటి డబ్బును నేటి విలువకు తగ్గించే రేటు) 14 శాతమని, వృద్ధి 4 శాతమని పెడితే, కోటిని ఆ రెండింటి తేడా 10 శాతంతో భాగించగా విలువ పది కోట్లు. రేటును 13కు దించి, వృద్ధిని 5కు పెంచు, పన్నెండున్నర కోట్లు అవుతుంది. కంపెనీలో ఒక్క మేకు కూడా కదల్లేదు, విలువ మాత్రం పాతిక శాతం పెరిగింది. కాగితం మీద ఈ రెండు ఊహలూ సమంగానే గౌరవంగా కనపడతాయి. అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ ఎన్నో ఏళ్ల తరువాత రావలసిన ఒప్పందాల లాభాన్ని సంతకం పెట్టిన ఏడాదే రాసుకునేది. ఆ పద్ధతికి 1992లో అమెరికా నియంత్రణ సంస్థ అనుమతి కూడా ఉంది. 2001 డిసెంబరులో దివాలా తీసింది.

అందుకే నీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇది. పద్ధతిని ఫిబ్రవరిలోనే ఖాయం చెయ్యి. ఏ కంపెనీకి ఏ మోడల్, ఏ రేటు ఎక్కడినుంచి, పోల్చడానికి ఏ లిస్టెడ్ కంపెనీలు, మార్కెట్‌లో అమ్ముడుపోని కాగితమని ఎంత తగ్గింపు, ఇవన్నీ ఒక నోటుగా రాసి, మీ ఫైనాన్స్ అధికారి సంతకం తేదీతో సహా తీసుకో. ఏప్రిల్‌లో లాభం ఎంత వచ్చిందో తెలిశాక రేట్లు ఎంచుకోవడం మొదలుపెడితే, ఎంత నిజాయితీపరుడికైనా కావలసిన అంకె దగ్గరికే కలం పోతుంది. మార్పు తప్పకపోతే చెయ్యవచ్చు, కానీ ఎందుకో కూడా అప్పుడే రాయాలి. మూడు నెలల తరువాత ఆడిటర్ అడిగితే అల్లే కారణాన్ని అతను వెంటనే పసిగడతాడు. మేం అలాగే పసిగట్టేవాళ్లం.

వాల్యూయర్ (విలువ కట్టే నిపుణుడు) ఇచ్చిన రిపోర్టు ఉందని నిశ్చింతగా ఉండకు. మొదటి పేజీలో 'ఏ ప్రయోజనం కోసం', 'ఏ తేదీకి' అన్న రెండు మాటలు చదువు. ఇన్‌కమ్ ట్యాక్స్ నియమం కింద నికర ఆస్తుల లెక్కతో తెచ్చిన విలువను ఇక్కడ అతికిస్తే కుదరదు. ఆ నియమం అవసరం వేరు. వచ్చే ఐదేళ్ల అంచనాలు వాల్యూయర్‌కు ఎవరిచ్చారో చూడు. దాదాపు ఎప్పుడూ మీ ఆఫీసే ఇస్తుంది. కిందటేడు ఇచ్చిన అంచనాను ఈ ఏటి వాస్తవంతో పక్కపక్కన పెట్టు. ఆ ఒక్క పేజీ చెప్పినంత మరేదీ చెప్పదు.

నోటు రాసేటప్పుడు లెవెల్ 3కి ఏడాది మొదటి విలువ నుంచి చివరి విలువ దాకా కదలికల పట్టిక, వాడిన ఊహలు, అవి అటూ ఇటూ మారితే విలువ ఎంత మారుతుందో, అన్నీ రావాలి. ఒక అంకెలో మూడు లెవెళ్ల సమాచారం కలిసి ఉంటే, ముఖ్యమైన వాటిలో అన్నిటికన్నా కింది లెవెల్ ఏదో (1 పైది, 3 కిందిది) ఆ అంకెదీ అదే లెవెల్. దీన్ని పైకి జరపమని ఒత్తిడి వస్తుంది, ఎందుకంటే లెవెల్ 3 అన్న మాట బయట చదివేవాళ్లకు నచ్చదు. జరపకు. డివిడెండు మాట వస్తే కంపెనీల చట్టం 123వ సెక్షన్ చూపించు. ఫెయిర్ వాల్యూ వల్ల వచ్చిన, ఇంకా చేతికి రాని లాభాన్ని పంచడానికి లేదు. ఈ లాభం మీద డిఫర్డ్ ట్యాక్స్ (మున్ముందు కట్టాల్సి వచ్చే పన్ను) కూడా వెయ్యాలి.

చివరగా మీ జాబితాలోని ఆ సోలార్ కంపెనీ షేర్ల సంగతి. మీ ఫెర్రో అల్లాయ్స్ (ఇనుప మిశ్రమలోహాల) ఫ్యాక్టరీకి కరెంటే పెద్ద ఖర్చు కాబట్టి క్యాప్టివ్ విద్యుత్తు (వాడుకదారులే వాటా పెట్టి తమ వాడకానికి చేసుకునే కరెంటు) కోసం కొన్నారు. 2005 ఎలక్ట్రిసిటీ రూల్స్ ప్రకారం వాడుకదారుల వాటా కనీసం 26 శాతం ఉండాలి, ఉత్పత్తిలో కనీసం 51 శాతం వాళ్లే వాడాలి. అందుకే ఆ షేర్లు మీ దగ్గరికి వచ్చాయి కానీ, లాభం కోసం కాదు. వాల్యూయర్ నగదు ప్రవాహాల మీద 38 రూపాయలు కట్టాడన్నావు. కానీ ఇలాంటి ఒప్పందాల్లో, మీరు వదిలిపోయేటప్పుడు షేరును ముఖవిలువ పది రూపాయలకే తిరిగి ఇచ్చెయ్యాలని తరచుగా ఉంటుంది. ఆ షరతు షేరుతోపాటే కొన్నవాడికీ వెళ్తుందా, మీ ఒక్కరినే కట్టిపడేస్తుందా అన్నదే ప్రశ్న. షేరుతోపాటే వెళ్తే, పది రూపాయలకు మించి దానికి ఎవరిస్తారు? చవక కరెంటు లాభం మీ విద్యుత్తు బిల్లులో ఎప్పుడో వచ్చేసింది, దాన్ని షేరులో మళ్లీ లెక్కపెట్టకూడదు. మూల ఒప్పందంలో ఆ క్లాజు కనపడకపోతే సప్లిమెంటరీ ఒప్పందాలు చూడు. అవి అకౌంట్స్ వాళ్ల దగ్గర ఉండవు, లీగల్ వాళ్ల బీరువాలో ఉంటాయి.

ఇట్లు,
మామయ్య